ఎనిమిది సాంచల చప్పుడు

కోరుట్ల,
28 సెప్టెంబరు 2011, బుధవారం.

ప్రియమైన బాపూ,

పొద్దున వాకిలి ఊడ్వడానికి తలుపు తీస్తే, గల్లీ మొగదల కరెంటు స్తంభానికి బడిలోని నల్లబల్ల కట్టి ఉంది. ఈ రోజు నేను చూసిన మొదటి వింత అదే. సకల జనుల సమ్మె మొదలై పదహారు రోజులు. కాలేజీకి తాళం పడింది, బస్సులు లేవు, నేను జగిత్యాల మొహం చూసి పది రోజులైంది. నా ఎం.ఏ. పుస్తకాలన్నీ మీ అక్క ఇంట్లో, అత్తమ్మ తునికాకు మూటల పక్కన పడి ఉన్నాయి. మాకు సోషియాలజీ చెప్పే ప్రభాకర్ సార్‌ది కూడా కోరుట్లే. ఆయన సమ్మె టెంటు పక్కన నల్లబల్ల కట్టించి, "కాలేజీ బంద్ గని, పాఠం బంద్ అని ఎవలన్నరు?" అంటూ సుద్దముక్క పట్టుకొని నిలబడ్డారు. విద్యార్థులం ఏడుగురం, సమ్మెలో ఉన్న టీచర్లు ఇద్దరు, చాయ్ అమ్మే ఆయన, నీడ కోసం వచ్చిన మేకలు రెండు. ఇంత మంచి తరగతిలో నేనెప్పుడూ కూర్చోలేదు.

ఫోనులో చెప్పగలిగితే ఇప్పటికే చెప్పేసేదాన్ని. కానీ అమ్మ ఫోను నీ చెవికి ఆనించినా నా మాట నీకు చేరదు. ఇరవై రెండేళ్లు సాంచల మధ్య నిలబడి నీ వినికిడి పోయిందని మన ముగ్గురికి తప్ప ఎవరికీ తెలియదు. ఆ మరమగ్గాల మోతకు మంచి చెవులున్నవాళ్లు కూడా సైగలతోనే మాట్లాడుకుంటారు కాబట్టి షెడ్డులో నువ్వూ అందరిలాంటివాడివే. ఇంటర్‌లో ఉన్నప్పుడు నీకు సద్ది తెచ్చి చూశాను. నీ పక్క సాంచలు నడిపే విజయన్న మీసం మెలేసినట్టు చెయ్యి తిప్పితే, షెడ్డు యజమాని, మన ఆసామి జలపతి లోపలికి వస్తున్నాడని అర్థం. బయట నువ్వు మాటలు తక్కువ మనిషివని పేరు. అందుకే నీకు ఉత్తరాలు. నేను పుస్తకం తెలుగులో రాస్తానని నవ్వకు. నాకు ఈ మధ్య మాటల మీద ఆశ పుట్టింది, కొత్త మాట దొరికితే ఎవరికైనా చూపించాలనిపిస్తుంది.

సార్ మొదట ఒక ప్రశ్న వేశారు. "బస్సులు ఆగి తొమ్మిది రోజులాయె. ఎవలు ఆపిన్రు?" ప్రజలు ఆపారని మా వెనకనుంచి ఎవరో అన్నారు. "ప్రజలు అనేటాయన ఇల్లు ఏ వాడల ఉన్నది? పోయి అడిగొద్దాం పా," అన్నారు సార్. అందరూ నవ్వారు. తర్వాత ఆయన నల్లబల్ల మీద ఒక్కొక్కటే రాస్తూ పోయారు. డ్రైవరు, కండక్టరు, టికెట్ల పెట్టె, డీజిలు, డిపో గేటు, గేటు ముందు అడ్డంగా పెట్టిన బెంచీ, ఆ బెంచీ ఇచ్చిన చాయ్ అమ్మే ఆయన. ఒకే పెద్ద చెయ్యి ఏదీ బస్సును ఆపలేదట. ఇన్ని చిన్న ముడులు కలిసి ఆపాయట. మనుషులు, వస్తువులు కలిసిన అల్లికే మనం చూసేదంతా అని ఫ్రాన్సు దేశంలో కొందరు పెద్దవాళ్లు చాలా ఏళ్ల నుంచి చెబుతున్నారట. వస్తువు ఊరికే పడి ఉండదు, మన చేత పని చేయిస్తుంది. అత్తమ్మ ఆకు కత్తిరించే రేకు ముక్కనే చూడు. బీడీ ఇంత పొడుగే ఉండాలని కంపెనీ మనిషి రోజూ వచ్చి పక్కన కూర్చోడు. ఆ రేకు ముక్క అతనికి బదులు కూర్చుంటుంది, అత్తమ్మ చెయ్యి దాని మాట వింటుంది.

ఈ సంగతి అత్తమ్మకు చెప్పాను. ఆమె చాట ఒడిలోంచి దించకుండానే, "ఆకు, రేకు గూడ పనిచేస్తయంటే వాటికి గూడ పీఎఫ్ కట్టుమను మీ సారును," అంది.

నన్ను పట్టుకున్న మాట ఇంకొకటి ఉంది బాపూ. అంతా సజావుగా నడిచే రోజుల్లో ఈ ముడులు కంటికి కనబడవట. ఒకటి తెగితే వరసగా అన్నీ బయటపడతాయట. నాకు వెంటనే నువ్వే గుర్తొచ్చావు. గోదావరిఖనిలో ఒక మనిషి సమ్మె చేసి బొగ్గు బాయిలోకి దిగకపోతే, సిరిసిల్లలో నీ ముందున్న సాంచ ఆగుతుంది. మీరిద్దరూ ఒకరినొకరు ఎన్నడూ చూసి ఉండరు. మన రాష్ట్రం కోసం అతను ఆపాడు, అదే రాష్ట్రం కోసం నువ్వు చీకట్లో కూర్చున్నావు. కరెంటు రోజుకు నాలుగు గంటలే ఉంటోందని అమ్మ చెప్పింది. సమ్మె గెలవాలని నినాదం ఇచ్చేటప్పుడు నాకు ఆ నాలుగు గంటలే గుర్తొస్తున్నాయి.

సార్ మాకు ఒక పని ఇచ్చారు. ఏదైనా ఒక వస్తువును పట్టుకొని, దాన్ని ఎవరు నిలబెడుతున్నారో, అది ఎవరిని నిలబెడుతోందో చివరిదాకా వెళ్లి రాయాలి. 'సమాజం' అనే మాట ఒక్కసారి కూడా వాడకూడదు. మనిషి పేరు రాయనక్కరలేదు కానీ గుర్తులన్నీ ఉండాలి. నేను నీ సాంచను ఎంచుకున్నాను. నాకు తెలియంది ఒకటే. పోగు తెగితే చప్పుడు మారుతుందని, అది విని పరుగెత్తాలని అందరూ అంటారు. నీకు చప్పుడే లేదు కదా, మరి ఎలా తెలుస్తుంది? ఇక్కడ లుంగీలు అమ్మే ఓదెలన్న సరుకు కోసం ట్రాలీ ఆటో తీసుకొని ఎల్లుండి సిరిసిల్లకు వస్తున్నాడు. జవాబు అతని చేతికే ఇవ్వు.

నీ బిడ్డ,
స్రవంతి

*

కోరుట్ల,
9 అక్టోబరు 2011, ఆదివారం.

బాపూ,

ఈ ఉత్తరంతో పాటు ఓదెలన్న నీకు ఒక చిన్న పుస్తకం ఇస్తాడు. పసుపు రంగు అట్ట, పన్నెండు పేజీలు. లోపల మొదటి పేజీలో నీ బిడ్డ పేరు అచ్చులో ఉంది. నేను దాన్ని వేలితో తడిమి చూశాను, సిరా ఇంకా కొద్దిగా అంటుతోంది.

నీ జవాబు చేరిన రోజే రాయడం మొదలుపెట్టాను. నువ్వు రాసింది నాకు నోటికి వచ్చేసింది. "అరచెయ్యి సాంచ మీద పెట్టుకుంట తిరుగుత బిడ్డా. పోగు తెగితె వణుకు మారుతది. కాళ్లకు చెప్పులు ఏసుకోను, నేల గూడ చెప్తది." ఇంత మంచి వాక్యం మా పాఠ్య పుస్తకాల్లో లేదు. మనిషి ఎక్కడ ఆగిపోయి యంత్రం ఎక్కడ మొదలవుతుందో గీత గీయలేమని సార్ చెప్పింది, నువ్వు చదవకుండానే రాసి పంపావు. నేను బొగ్గు బాయి నుంచి మొదలుపెట్టాను. తీగ, ట్రాన్స్‌ఫార్మరు, మోటరు, బెల్టు, సాంచ, దాని మీద నీ అరచెయ్యి. ఆపైన అమ్మ నూలు చుట్టే కండెలు, ఆసామి, నూలు పంపే సేటు, గుడ్డ కట్టుకునే ఎక్కడో ఒక ఆమె. ఆరు రోజులు ఇంకేమీ చేయలేదు. అన్నం ముందు కూడా మాటలే వెతుక్కున్నాను. "పిల్ల మెదడుకు పోగు చుట్టుకున్నది," అని అత్తమ్మ చుట్టుపక్కల అందరికీ చెప్పింది.

దసరా నాడు జమ్మి ఆకు చేతిలో పెట్టి దండం పెట్టడానికి వెళ్తే, సార్ ఆ కాగితాలు చేతిలోనే పట్టుకొని ఉన్నారు. అచ్చు వేయిద్దామన్నారు. ప్రెస్సు ఆయన కరెంటు ఉన్న రెండు గంటల్లో ఐదు వందల ప్రతులు తీశాడు. నిన్న కోరుట్ల టెంటులో సార్ మైకు ముందు చదివారు. ఆయన 'అరచెయ్యి' అన్న చోటికి వచ్చేసరికి ముందు వరసలోని బీడీ కార్మికులు కొందరు తమ చేతులు తిప్పి చూసుకున్నారు. నాకు అప్పుడు అనిపించింది, నేను బతికేది దీని కోసమే కావచ్చునని.

ఒక సంగతి నీకు చెప్పాలి. జవాబు చివర నువ్వు, "గీ ముచ్చట మనింట్లనే ఉండాలె," అని రాశావు. నేను నీ పేరు రాయలేదు బాపూ, జలపతి పేరూ రాయలేదు. కానీ వినికిడి పోయిన సంగతి రాయకపోతే అరచెయ్యికి అర్థం ఉండదు. రాయాల్సి వచ్చింది. 'కోనరావుపేట నుంచి వలస వచ్చి, ఎనిమిది సాంచల షెడ్డులో నాలుగు చూసే, మాటలు తక్కువ మనిషి' అని మాత్రమే ఉంది. చదివిన తర్వాత నీకు కోపం ఉండదని నా నమ్మకం. సిరిసిల్ల టెంటులో పంచమని ఓదెలన్నకు యాభై ప్రతులు ఇస్తున్నాను.

నీ బిడ్డ, ఇప్పుడు రచయిత్రి కూడా,
స్రవంతి

*

కోరుట్ల,
14 అక్టోబరు 2011, శుక్రవారం.

బాపూ,

ఏ మొహంతో నిన్ను పిలవాలో తెలియడం లేదు.

నిన్న అమ్మ ఫోను చేసింది. బుధవారం మధ్యాహ్నమే నువ్వు షెడ్డు నుంచి ఇంటికి వచ్చావని, గోడకు ఆనుకొని కూర్చున్నావని, మళ్లీ పనికి పోలేదని చెప్పింది. ఎందుకని అడిగితే తనకూ చెప్పడం లేదంది. ఆమె చెప్పకపోయినా నాకు తెలుసు. ఓదెలన్న ముందే వచ్చి చెప్పాడు. మంగళవారం సిరిసిల్ల టెంటులో ఎవరో నా పుస్తకం తీసుకొని మైకులో మొదటి నుంచి చివరిదాకా చదివారట. జలపతి అక్కడే దరీ మీద కూర్చొని ఉన్నాడట. కోనరావుపేట అన్న మాట దగ్గర తల ఎత్తాడట. తెల్లారి నువ్వు ఇంట్లో ఉన్నావు. ఈ రెండింటి మధ్య ముడి నాకు కాక ఇంకెవరికి కనబడుతుంది?

సార్ చెప్పిన గుర్తులు ఒక్కటీ వదలకుండా రాశాను. ఊరు రాశాను, సాంచల లెక్క రాశాను, నీ మౌనం కూడా రాశాను. పేరు ఒక్కటి దాచి, ఎంతో జాగ్రత్తగా ఉన్నానని మురిసిపోయాను. ఆ వాడలో ఆ గుర్తులున్న మనిషి నువ్వు ఒక్కడివే అని నాకు తట్టలేదు. నిజం చెప్పాలంటే తట్టింది బాపూ. అచ్చుకు ఇచ్చే ముందు రోజు తట్టింది. 'కోనరావుపేట' కొట్టేసి 'ఒక పల్లె' అని రాశాను. చదువుకుంటే వాక్యం చచ్చిపోయినట్టు అనిపించింది. మళ్లీ కోనరావుపేటే రాశాను. ఒక వాక్యం బాగుండాలని నిన్ను అమ్ముకున్నాను. ఈ సంగతి ఇప్పటిదాకా నాకు నేను కూడా చెప్పుకోలేదు.

సార్ దగ్గరికి పోయి అడిగాను. ఇన్ని వస్తువులు పనిచేస్తాయని చెప్పారు కదా, మరి నేను రాసిన కాగితం కూడా ఒక వస్తువే కదా, అది ఏం చేస్తుందో ముందే ఎందుకు చెప్పలేదని అడిగాను. ఆయన సుద్దముక్కను కింద పెట్టారు. "రాసేటోడు గట్టు మీద నిలవడి రాస్తడనుకున్న. గా తప్పు నాది గూడ," అన్నారు. ఈ రోజు నల్లబల్ల దగ్గరికి నేను పోలేదు.

రెండు నిర్ణయాలు తీసుకున్నాను. చదువు ఆపేస్తున్నాను. నీ పనిని పోగొట్టి సంపాదించిన చదువు నాకు వద్దు. నిన్నటి నుంచి అత్తమ్మ పక్కన చాట పెట్టుకొని కూర్చుంటున్నాను. రోజుకు ఆమె చుట్టే దాంట్లో నాలుగో వంతు కూడా రావడం లేదు, వేలి కొసలు పగిలాయి. ఆమె నా బీడీలు విప్పి మళ్లీ చుడుతోంది.

రెండోది. బస్సు నడిచిన మొదటి రోజే వచ్చి జలపతిని కలుస్తాను. మా బాపు చెవులు బాగానే ఉన్నాయి, మార్కుల కోసం నేనే కథ అల్లానని చెప్తాను. కావాలంటే టెంటులో మైకు ముందు కూడా చెప్తాను. నేను రాసింది అబద్ధమని ఒప్పుకుంటే నిన్ను మళ్లీ నిలబెడతాడేమో. నువ్వు ఊ అను చాలు. ఓదెలన్న మళ్లీ మంగళవారం వస్తాడు.

నిన్ను క్షమించమని అడగలేని,
స్రవంతి

*

సిరిసిల్ల,
18 అక్టోబరు 2011, మంగళవారం.

బిడ్డా స్రవంతీ,

నీ ఉత్తరం ఓదెలు తెచ్చిచ్చిండు. నేను రెండుసార్లు చదువుకొని, మీ అమ్మకు చదివి వినిపిచ్చిన. నా గొంతు నాకు వినవడదు గద, గట్టిగనే చదివిన్నేమో. పక్కింటి వెంకటవ్వ గూడ అచ్చి గడపల కూసోని కండ్లు తుడుసుకున్నది. ఇగ మనింట్ల దాసుకునే ముచ్చటేం లేదు.

నువ్వు జలపతి దగ్గరికి రావద్దు. అబద్ధం ఆడద్దు. ఆయిన నన్ను పనిల నుంచి దించలే, నేనే దిగిన.

నా చెవుల సంగతి జలపతికి మస్తు ఏండ్ల కింద్నే ఎరుక. నలభై దాటిన సాంచల మనిషికి చెవులు ఎవలకు మంచిగున్నయి? జలపతికే సగం వినవడది. టెంటుల తలకాయ లేపిండంటె మైకు వినవడక లేపిండు కావచ్చు. మనం దాసిపెడుతున్నమనుకున్నం, వాళ్లు ఎరుక లేనట్టు ఉన్నరు. గంతే.

నీకు అబద్ధం చెప్పింది నేను. అరచెయ్యి ముచ్చట ఉత్తదే. ఎనిమిది సాంచలు ఒక్కసారి నడిస్తె నేల, గోడ, దూలం అన్ని ఒక్కతీరుగ వణుకుతయి. ఏ వణుకు ఏ సాంచదో దేవునికి గూడ తెల్వది. నా దిక్కు పోగు తెగి చప్పుడు మారితె విజయ్‌కు వినవడేది. ఆయిన ఒక ఖాళీ కండె తీసి నా మీదికి ఇసిరేటోడు. కుడి రెక్కకు తాకితె కుడి దిక్కు సాంచ, ఎడమ రెక్కకు తాకితె ఎడమ దిక్కుది. ఒకటి ఇసిరితె దగ్గరిది, రెండు ఇసిరితె దూరంది. ఆరేండ్లు గిట్లనే నడిసింది. ఒక్కనాడన్న గిట్ల చేద్దామని ఇద్దరం అనుకున్నది లేదు. ఎవలకు చెప్పింది లేదు. కింద వడ్డ కండెలు దిగిపొయ్యేటప్పుడు నేనే ఏరి గంపలేసేటోన్ని. గంతే మా దోస్తానా.

నువ్వు ఎం.ఏ. చదివే పిల్లవు. నీకెట్ల తెలుస్తది బాపూ అని అడిగినవు. పక్కోడు కండె ఇసిరితె తెలుస్తదని నా చేతితోని రాయబుద్ధి కాలే. నాకు గూడ ఒక తెలివి ఉన్నదని నువ్వు అనుకోవాలనిపిచ్చింది. నా జవాబు మొదటి కాగితంల విజయ్ పేరు రాసిన. చింపి పారేసి ఇంకోటి రాసిన. నువ్వు కోనరావుపేట కొట్టేసి మల్ల రాసినట్టే అనుకో.

సద్దుల బతుకమ్మ తెల్లారి విజయ్ మహారాష్ట్ర దిక్కు భివండి సాంచలకు పోయే లారీ ఎక్కిండు. మూడు గంటల కరెంటుకు ఇద్దరెందుకు, నువ్వు పెద్దోనివి, నువ్వుండు అని సైగ చేసిండు. నేను తల ఊపిన. కరెంటు సమ్మెతోని పాయె, సమ్మె మన కొరకే. తెలంగాణ రావాలె, అండ్ల అనుమానం లేదు. ఎవల మీద కోపం చెయ్యాల్నో నాకైతె దొరుకుత లేదు.

ఆ తెల్లారి నుంచి ఎనిమిది సాంచలు నా ఒక్కని మీద పడ్డయి. నా రెక్కలకు ఏం తాకకపాయె. ఒక దిక్కు చూస్తె ఇంకో దిక్కు తెగేది, తెగింది ఎరుకయ్యేటాల్లకు గజం గుడ్డ గీత వడి పొయ్యేది. వారం అట్ల నడిపిన. మంగళారం సేటు గుడ్డ తాన్లన్ని వాపసు పంపిండు. జలపతి ఆ తాన్ల మీద కూసోని నేల చూసుకుంట ఉన్నడు. ఆయినకు గవే ఎనిమిది సాంచలు. అవి పోతె ఆయినకు గూడ ఏం లేదు. బుధారం నేనే చెయ్యి ఊపి, ఇగ నేను దిగుత అన్న. ఒద్దంటడేమో అని జెరసేపు నిలవడ్డ. ఒద్దనలే.

నీ పుస్తకం మంచిగున్నది బిడ్డా. బొగ్గు బాయి ఉన్నది, తీగ ఉన్నది, బెల్టు ఉన్నది, నా చెయ్యి ఉన్నది. విజయ్ లేడు. నువ్వు మరిసి కాదు, నేను చెప్పక. గా పుస్తకం ఆయినకు ఒకటి పంపుదామని అమ్మ అన్నది. భివండిల ఏ గల్లీల ఉంటున్నడో ఎవలకు తెల్వది. ఓదెలును అడిగిన, ఆయినకు గూడ ఎరుక లేదు.

బొగ్గు మల్ల తీస్తున్నరట. నిన్నటి సంది కరెంటు జెర పెరిగింది. జలపతి గంభీరావుపేట నుంచి ఒకాయినను తెచ్చి పెట్టుకున్నడు. ఈడు చిన్నదే, చెవులు ఇంకా మంచిగున్నయి. అమ్మ షెడ్డు ముందట్నుంచి పోతె చప్పుడు ఇనవడ్డదట. ఎనిమిది నడుస్తున్నయని చెప్పింది.

చదువు బంద్ పెడుతా అంటివి. నా కొరకైతె పెట్టకు, నీ కాగితంతోని నేను దిగలే. ఇంకేదన్న కారణం ఉంటె నీ ఇష్టం, నేను ఒద్దన. కాని ఇది కారణం కాదు. ఇక్కడి నుంచి ఇగ నీకు పైసలు పంపేటిది ఏం ఉండదని గూడ చెప్తున్న. అది తెలిసి ఏది చేస్తవో చెయ్యి. మా అక్క నీ బీడీలు విప్పి చుడుతుందంటె నువ్వు ఆమెకు పని పెంచుతున్నవు.

నాకు ఈ చేతులకు ఇంకో పని రాదు. బోయినపల్లి దిక్కు ఏందో కాల్వ పని నడుస్తున్నదట, మట్టి ఎత్తనీకి మనుషులు కావాల్నట. రేపు పొద్దున ఆరు గంటలకు నేను, మీ అమ్మ చౌరస్తా కాడ కూలీల అడ్డా మీదికి పోతున్నం. మేస్త్రీ గుంపులకెల్లి ఒక్కొక్కల పేరు పిలిసి ట్రాక్టరు ఎక్కిచ్చుకుంటడట. రెండుసార్లు పిలువడట. అమ్మ నా పక్కనే నిలవడుతది. నా పేరు అచ్చిందంటె నా రెక్క పట్టి గుంజుతది.

మీ బాపు,
లస్మయ్య